సంవత్సరీకం నాటి ఫోటో

నరసరావుపేట స్టేషను రోడ్డులో ఫోటో స్టూడియో నడిపే బసవపున్నయ్యకు ఊళ్లో ఒక పేరుంది. ఎంతటివాళ్లనైనా కదలకుండా కూర్చోబెడతాడని. పొగరుబోతు ఆసాములు, కొత్త పెళ్లికూతుళ్లు, పాలు తాగే పసివాళ్లు, పటాలంలో చేరి ఇంట్లో ఒక గుర్తు ఇచ్చిపోదామని వచ్చే పడుచువాళ్లు, అందరూ అతని ముందు బిగుసుకోవాల్సిందే. మెడ వెనక ఇనప కొక్కెం ఆనించి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, "ఊపిరి బిగబట్టండి" అని గద్దించేవాడు. లెన్సు మూత తీసి "ఒకటీ, రెండూ, మూడూ" అని లెక్కపెట్టి మూత వేసేవాడు. ఆ మూడు అంకెల మధ్య ఎవరైనా రెప్ప కొట్టారా, వాళ్ల ఏడు తరాలూ అతని నోట్లో పడేవి.

తను మాత్రం ఒక్క చోట నిలిచే మనిషి కాదు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచి డార్కురూములోకి పోయేవాడు. మనిషితో మాట్లాడుతూనే బీరువా తలుపు పదిసార్లు తీసి మూసేవాడు. "వీడి కాళ్ల కింద ఎవరో నిప్పులు పోశారే" అని తల్లి కోటమ్మ కోడలితో అనేది. భర్త పోయాక రెండు గేదెలను పెట్టుకుని పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. ముసలితనంలో ఆమెకు మిగిలిన పని ఒక్కటే, మధ్యాహ్నం కొడుక్కి అన్నం క్యారేజీ మోసుకుపోవడం. అది స్టూడియో గడప మీద పెట్టి, తనూ పక్కనే కూలబడేది.

"ఒరే పున్నా, మనిద్దరం పక్కపక్కన కూచోని ఒక్క ఫోటో దిగుదాంరా" అనేది.

"నేనూ కూచుంటే తీసేదెవురే?"

"నీ పక్క కొట్టోణ్ణి తియ్యమను."

"నా కెమెరా మీద ఇంకోడి చెయ్యా? చాల్చాల్లే, ఈసారి చూద్దాం."

ఈసారి అంటే ఎప్పుడో అతనికే తెలియదు. అంతలో యుద్ధం వచ్చింది. మద్రాసు నుంచి రావాల్సిన గాజు ప్లేట్లు రావడం మానేశాయి. ఏ మూడు నెలలకో డజను వస్తే దేవుడు కరుణించినట్టు. "ఈ డజను గిరాకీలకు పోనీ అమ్మా, వచ్చే డజనులో నీదే మొదటిది" అనేవాడు. కోటమ్మ నమ్మేది. నమ్మింది అనడం కన్నా అడగడం మానలేదు అనడమే సరి.

పందొమ్మిది వందల నలభై మూడు కార్తీకంలో మాచర్ల అవతలి అడవిలో ఒక కలప కంట్రాక్టరు చిరుతపులిని కొట్టి, దానితో ఫోటో దిగాలని కబురు పెట్టాడు. బసవపున్నయ్య ఉన్న ఆరు ప్లేట్లూ మూటగట్టుకుని రైలెక్కాడు. పులి మీద కాలు పెట్టి కంట్రాక్టరు, తుపాకీ పట్టుకుని కంట్రాక్టరు, బావమరుదులతో కంట్రాక్టరు, అట్లా ఐదయ్యాయి. ఆరోది ఎవరూ అడగలేదు. చెట్టు నీడలో పడుకోబెట్టిన పులి ఎంత అందంగా ఉందో, రవ్వంత కూడా కదలడం లేదే అని ముచ్చటపడి తన సరదాకు తీసుకున్నాడు.

మరునాటి మధ్యాహ్నం పేటలో రైలు దిగేసరికి ఇంటి ముందు జనం. కోటమ్మ ముందు రోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. కొడుకు కోసం శవాన్ని ఆపారు. కార్తీకపు ఎండ వాకిట్లో తెల్లగా, చక్కగా పరుచుకుని ఉంది. అట్లాంటి వెలుతురు కోసం ఫోటో తీసేవాళ్లు వారాలు కాచుకుంటారు.

వెల్దుర్తిలో కాపురముండే అక్క అన్నపూర్ణ అప్పటికే వచ్చింది. తమ్ముడి భుజాన కెమెరా పెట్టె చూసి ఏడుపు ఆపుకుంది. "ఇప్పుడన్నా తియ్యరా. ఆ కోరికన్నా తీరుద్ది" అంది.

"ప్లేట్లు లేవక్కా."

"ఒక్కటి కూడానా?"

అతను పెట్టె భుజం దించి గోడవార పెట్టాడు. ఊళ్లో ఎంతమంది శవాలను గోడకానించి, కళ్లద్దాలు పెట్టి, పూలదండలేసి ఫోటోలు తీశాడో అతనికి లెక్క లేదు. కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి చేతులు ఖాళీ. ఆ ఆరో ప్లేటు సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

పదో రోజున వాగు ఒడ్డున పిండం పెట్టారు. కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద బారుగా కూర్చున్నాయి. దిగలేదు. పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోతే కాకి ముట్టదని అక్కడున్న అందరికీ తెలుసు. అట్లాంటప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి చచ్చిపోయిన మనిషికి మాట ఇస్తారు. కోడలు ప్రభావతి చేతులు జోడించి, "నీ గేదెను అమ్మం అత్తమ్మా" అంది. కాకి కదల్లేదు. అన్నపూర్ణ, "నీ గాజులు నా చిన్నదానికే పెడతాలేవే" అంది. కదల్లేదు. చుట్టాలందరి చూపులూ తిరిగి తిరిగి కొడుకు మీదికొచ్చి ఆగాయి.

బసవపున్నయ్యకు ఆమె కోరిక ఏమిటో తెలుసు. కానీ ఏమని మాట ఇవ్వాలి? మనిషే లేకపోతే పక్కన కూర్చుని ఫోటో దిగుతానని ఎట్లా చెప్పాలి? చేతులు జోడించి, మళ్లీ దించుకుని వెనక్కి జరిగాడు. పొద్దు వాలేదాకా చూసి, శాస్త్రులుగారు దర్భతో కాకి బొమ్మ ముడివేసి దానిచేత ముట్టించి, పిండం నీళ్లలో కలిపించారు. కడుపు మాడి ఉన్న చుట్టాలు గబగబా ఇళ్లకు నడిచారు. అతనికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ తరవాత కూడా చాలా రోజులు సహించలేదు.

అంతకు ముందే కుదురు లేని మనిషి, ఇప్పుడు పూర్తిగా పట్టు తప్పాడు. ఊపిరి బిగబట్టమని చెప్పి, మళ్లీ వదలమని చెప్పడం మరిచిపోయేవాడు. ఎక్కడ కాకి అరిచినా తల అటు తిరిగేది. ఒక ఉదయం పెరట్లో అంట్లు తోమే చోట ఒక కాకి మెతుకులు ఏరుకుంటూ తల వంచి అతని వంక చూసింది. చెంబు చేత్తో పట్టుకుని అతను అక్కడే నిలబడిపోయాడు. ఒక ఆలోచన వచ్చింది. సంవత్సరీకం నాడు పిండం ముట్టడానికి వచ్చే కాకి అమ్మే కదా! పిండం పెట్టేది తనే కదా! అయితే ఇద్దరూ ఒక ఫోటోలో పడటానికి అడ్డమేమిటి?

అదే ఊపున పరుగెత్తుకుంటూ పోయి మౌలాలీకి చెప్పాడు. మౌలాలీ స్టూడియోకు ఎదురుగా గడియారాలు బాగుచేసే మనిషి, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. నవ్వుతాడనుకున్నాడు. మౌలాలీ కంట్లోని భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"బానే ఉంది పున్నయ్యా. మరి నువ్వు ఒకటీ రెండూ మూడూ అనిందాకా కాకి ఆగుద్దా?"

ఆ ఒక్క ప్రశ్నతో బసవపున్నయ్య ఇరవై ఏళ్ల విద్య నేలకరిచింది.

మరునాటి నుంచి స్టూడియోకు తాళం వేసి బియ్యం మిల్లు వెనక కాకుల్ని చూస్తూ కూర్చున్నాడు. మూడు కాదు, ఒకటి అనేలోపే అది తల ఇటు తిప్పుతుంది, తోక అటు ఎగరేస్తుంది, పక్కకో గెంతు గెంతుతుంది. తింటున్నా చుట్టూ చూస్తూనే ఉంటుంది. ముక్కుకు ఏదన్నా అందిందా, ఇక నేల మీద ఉండదు. మనిషికి ఆనించినట్టు దాని మెడకు కొక్కెం ఆనించే వీలు లేదు. గద్దిస్తే అసలుకే పోతుంది. కాబట్టి మారాల్సింది కెమెరా.

పాత సామాన్ల పెట్టెలో ఎప్పుడో కొని వాడకుండా పడేసిన తెర షట్టరు ఒకటి దొరికింది. లెన్సు ముందు తగిలించే చెక్క డబ్బా అది. లోపల నల్లగుడ్డ తెర, తెర మధ్య కంత. స్ప్రింగు బిగించి రబ్బరు బుడ్డి నొక్కితే తెర టప్పున జారుతుంది, ఆ కంత లెన్సు ముందు దాటిపోయేంత సేపే ప్లేటుకు వెలుతురు తగులుతుంది. సెకనులో తొంభయ్యో వంతు అని దాని మీద రాసి ఉంది. స్ప్రింగు మాత్రం ఏనాడో సాగిపోయింది.

"రాసిందాన్ని నమ్మబాక. కొలవాల" అన్నాడు మౌలాలీ. అతని ఇంట్లో గ్రామఫోను ఉంది. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు, అది తప్పదు. రికార్డు మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, ఎండలో తిప్పి, దాన్ని ఫోటో తీశారు. ప్లేట్లు లేవు కాబట్టి ప్రింట్లు వేసే కాగితమే ప్లేటు చోట పెట్టారు. తెర మెల్లగా జారితే చుక్క సాగి పెద్ద గీతగా పడుతుంది, వడిగా జారితే చిన్న గీతగా పడుతుంది. మొదటిసారి పడిన గీత నాలుగు వేళ్ల వెడల్పు ఉంది. మౌలాలీ గోడ గడియారం స్ప్రింగు ముక్క కోసి బిగించాడు. రెండు వేళ్లకు దిగింది. మళ్లీ తీసి, మళ్లీ బిగించి, రెండు నెలలు కుస్తీ పట్టి ఒక్క వేలు వెడల్పుకు తెచ్చారు. ఈలోపు పల్నాటి ఎండకు రికార్డు అప్పడంలా వంకర తిరిగింది. మౌలాలీ భార్య బషీరున్నీసా అది చూసి ఇద్దరినీ కలిపి చెడామడా తిట్టింది.

"కాకి ఫోటో కోసం నా రికార్డు తగలబెట్టారా? ఇంత వయసొచ్చింది, సిగ్గన్నా లేదే మీకు!"

"కాకి కాదు చెల్లెమ్మా, మా అమ్మ" అన్నాడు బసవపున్నయ్య. బషీరున్నీసా అతని మొహం వంక చూసి, లోపలికి పోయి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఒక చిక్కు విడిపోతే ఇంకొకటి వచ్చి కూర్చునేది. తెర అంత వడిగా దాటితే ప్లేటుకు వెలుతురు చాలదు. వెలుతురు కోసం లెన్సు లోపలి కన్ను పెద్దది చెయ్యాలి. కన్ను పెద్దదైతే లోతు పోతుంది. ఒక దూరంలో ఉన్నదే స్పష్టంగా పడుతుంది, దానికి ముందూ వెనకా ఉన్నది అలుక్కుపోతుంది. అంటే కాకి పడితే తను పడడు, తను పడితే కాకి పడదు. దాని మీద పది రోజులు నిద్ర లేదు. చివరికి తాడు పట్టుకున్నాడు. లెన్సు నుంచి పిండం పెట్టే రాయి దాకా ఎంతో, లెన్సు నుంచి తన మొహం దాకా అంతే ఉండేట్టు పెరట్లో మేకులు కొట్టాడు. పితృకార్యంలో తను దక్షిణం చూస్తూ కూర్చోవాలి, పిండం ఎదురుగా ఉండాలి. కాబట్టి కెమెరా పడమట నిలబెట్టి పక్క నుంచి తియ్యాలి. ఆ మేకులూ తాళ్లూ చూసి, కొత్త ఇంటికి ముగ్గు పోస్తున్నాడని పక్కింటివాళ్లు శుభం అడిగిపోయారు.

ఆ తరవాత నలుపు గొడవ. జీవితమంతా తెల్ల పంచెలకూ తెల్ల చొక్కాలకూ లెక్క కట్టిన కన్ను అతనిది. కాగితం మీద తీసి చూస్తే, కాకి ఉండాల్సిన చోట ఫోటోకు చిల్లు పడ్డట్టుంది. కన్ను లేదు, ఈక లేదు, ముక్కు లేదు. కాకి కనపడేంత వెలుతురు ఇస్తే పిండమూ తన పంచె కూడా పేలిపోయి తెల్లటి మచ్చలవుతున్నాయి. కాకిని తెల్లగా చెయ్యలేడు గనక, పంచెను తుమ్మచెక్క రసంలో ముంచి మట్టిరంగుకు తెచ్చాడు.

"తద్దినానికి ముతక రంగు పంచేంది? జనం ఏమనుకుంటారు?" అని ప్రభావతి తల కొట్టుకుంది.

"మడిబట్ట అయితే చాలన్నారు శాస్త్రులుగారు. రంగు సంగతి ఆయన అడగలా."

బుడ్డి గొట్టం మూరెడే ఉంటుంది. తను కూర్చునే చోటికి మూడు బారలు కావాలి. ఆసుపత్రి కాంపౌండరు కాళ్లావేళ్లా పడి ఎనిమా గొట్టాలు నాలుగు సంపాదించి ఒకదానికొకటి అతికించాడు. అంత పొడవున గాలి చాలక తెర జారలేదు. మౌలాలీ ఎక్కడో మూలనపడ్డ బస్సు హారను బుడ్డి తెచ్చి చివర కట్టాడు. రెండు చేతుల్లో ఇమిడేంత బుడ్డి. కసిగా పిసికితే తెర జారింది. "దేవుడి పని చేసేటప్పుడు చేతిలో హారనా!" అని ఊరంతా నవ్వింది. బజార్లో కనపడితే చాలు, "ఏం పున్నయ్యా, కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. ఆ కాకులన్నిటినీ నీ పెరట్లోకే తోలుకొచ్చావా ఏంది?" అని ఎకసెక్కాలాడేవాళ్లు.

ఒక్క మాటా అతని చెవికి ఎక్కేది కాదు. కెమెరా రూపం కాకులకు అలవాటు కావాలని మూడు వెదురు కర్రల మీద కిరసనాయిలు డబ్బా కట్టి, ముందు సీసా అడుగు అతికించి, పైన నల్లగుడ్డ కప్పి పెరట్లో నిలబెట్టాడు. రోజూ పన్నెండు దాటాక ఆ రంగు పంచె కట్టుకుని పీట మీద కూర్చుని, ఎదురుగా రాయి మీద అన్నం ముద్ద పెట్టేవాడు. మూడు వారాలు కాకులు గోడ దిగలేదు. నాలుగో వారం ఒకటి దిగింది. తరవాత నాలుగైదు. కదలకుండా కూర్చోవడమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. కాలు తిమ్మిరెక్కేది, ముక్కు మీద ఈగ నడిచేది, గుండె దడదడలాడేది. ఇరవై ఏళ్లుగా జనాన్ని పెట్టిన బాధ ఇదా అనుకున్నాడు. కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

అన్నీ కుదిరాయనుకుని ఒక రోజు డబ్బాకు అసలు షట్టరు తగిలించి బుడ్డి పిసికాడు. తెర టప్పుమంది. కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ రోజు ఇక రాలేదు. మౌలాలీ తెర పడే చోట కంబళి ముక్క అతికించాడు. టప్పు తగ్గింది గానీ పోలేదు.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు అన్నపూర్ణ వెల్దుర్తి నుంచి వచ్చింది. పెరట్లో కర్రలూ గొట్టాలూ చూసింది. తమ్ముడు చెప్పిందంతా విని, ఆమె అడిగింది ఒక్కటే.

"నువ్వు నొక్కితే కాకి బెదురుద్దా?"

"బెదురుద్ది."

"ముట్టకముందే నొక్కావనుకో?"

ఆ సంగతి అతనికి ఎప్పుడో తెలుసు. కాకి రాయి మీద వాలి, ముద్ద వంక వంగకముందు ఒక్క లిప్త తల ఎత్తి చూస్తుంది. ఫోటోకు అదే అదను. ముట్టాక ముద్ద కరుచుకుని పోతుంది, ఇంక ఏ స్ప్రింగూ దాన్ని పట్టలేదు.

"పోయినేడు అమ్మ తినకండా పోయింది" అంది అన్నపూర్ణ. "ఈయేడు కూడా నీ ఫోటో కోసం పస్తు పెట్టి పంపుతావా? ముట్టిందాకా నొక్కనని నా నెత్తి మీద చెయ్యేసి చెప్పు."

"అక్కా, ఆ కోరిక కోసమేగా..."

"చెయ్యేస్తావా, ఈ గొట్టాలన్నీ పీకి బజార్లో పారేయమంటావా?"

చెయ్యి వేశాడు. ఆ ఏడాది వచ్చిన ప్లేట్లలో ఒక్కటి విడిగా దాచి, దాని డబ్బా మీద "అమ్మ" అని రాసిపెట్టుకున్నాడు. పటాలం పోయే కుర్రాడి తల్లి ఒకామె కాళ్లు పట్టుకున్నా ఆ డబ్బా తెరవలేదు. ఇప్పుడు దాన్ని కెమెరాలో ఎక్కిస్తుంటే, ఇదంతా ఖాళీ రాయిని ఫోటో తీయడానికేనా అనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. వంట ఇంట్లో చుట్టాలు, వసారాలో శాస్త్రులుగారు, వంకాయ కూర, గారెల వాసన. కిరసనాయిలు డబ్బా చోట అసలు కెమెరా నిలబడింది. ఇత్తడి మెరవకుండా దానికి అంతకు ముందే దీపం మసి పూశాడు. తంతు ముగిశాక తడిపంచెతో పీట మీద కూర్చుని, కాకిపిండం రాయి మీద పెట్టి, హారను బుడ్డి ఒడిలోకి తీసుకున్నాడు. కెమెరా పక్కన అన్నపూర్ణ నిలబడింది, కాపలా కాస్తున్నట్టు.

కాకులు గోడ మీదికొచ్చాయి. అక్కడే ఆగాయి. ఇన్నాళ్లూ లేని జనం, ఇన్నాళ్లూ లేని సందడి వాటికి నచ్చలేదు. పావు గంట అయింది. అరగంట అయింది. లోపల ఎవరో చిన్నపిల్ల ఆకలని ఏడ్చింది. కాకి ముట్టందే ఆ ఇంట్లో విస్తరి పడదు.

"నాయనా, ఆ యంత్రం తీసేస్తే వస్తుందేమో" అన్నారు శాస్త్రులుగారు మెల్లగా.

"ఇంకొంచెంసేపు చూద్దామండి."

"పోయినేడు కూడా ఇట్టాగే..." అని వెనక ఎవరో గొణిగారు.

ఆ మాట అతని వీపుకు తగిలింది. లేచి కెమెరా అవతల పారేద్దామా అనిపించింది. లేస్తే ఇక ఎప్పటికీ లేదు. కూర్చుంటే అమ్మ మళ్లీ ఆకలితో పోతుందేమో. లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించాడు. అప్పుడే ఒక కాకి గోడ దిగి, రెండు గెంతులు గెంతి, రాయి మీదికి ఎక్కింది.

ఎక్కి, కదలకుండా నిలబడింది.

అతను నమ్మలేకపోయాడు. అలవాటు కొద్దీ లోపల లెక్క మొదలైంది. ఒకటి. కాకి మెడ కొంచెం వంచి అతని మొహంలోకే చూస్తోంది. రెండు. ఎండ పక్క నుంచి పడి దాని మెడ మీది బూడిదరంగు, ముక్కు మొదట్లో నూగు, కంటిలో వెలుగు చుక్క, అన్నీ విడివిడిగా కనపడుతున్నాయి. మూడు. ఏడాది పాటు స్ప్రింగు బిగించి, తాళ్లు కట్టి, పంచెకు రంగేసి ఏ లిప్త కోసం చచ్చాడో, అది మూడు అంకెల పొడవున అతని ముందు నిలబడి ఉంది. ఎవరు ఏ కొక్కెమూ ఆనించకుండానే. వేళ్లు బుడ్డి మీద బిగుసుకున్నాయి. ఒక్క పిసుకు పిసికితే చాలు.

పిసకలేదు. అక్కకు ఇచ్చిన మాట ఆ క్షణాన గుర్తుకు రానే లేదు. గుర్తొచ్చింది ఒక్కటే, అమ్మ ఆకలితో ఉంది. "తినవే. తినవే అమ్మా" అన్నాడు గొంతులోనే.

కాకి వంగింది. ముద్దను ఒక పోటు పొడిచింది. మెతుకులు మింగింది. ఇంకో పోటు. ఇంకొకటి. తరవాత పెద్ద ముక్క ముక్కున కరుచుకుని రెక్క విప్పింది.

"అక్కా, తిన్నదే! అమ్మ తిన్నదే!" అంటూ బసవపున్నయ్య అన్నపూర్ణ వైపు తిరిగాడు. ఒంట్లో బిగబట్టిందంతా ఒక్కసారి వదిలింది. చేతులు ఏం చేస్తున్నాయో అతనికి తెలియదు. ఎక్కడో టప్పుమంది.

అప్పుడుగానీ అతనికి తెలిసిరాలేదు, బుడ్డి పిసికేశానని. గోడ మీద మిగతా కాకులు లేచిపోయాయి. లోపల విస్తళ్లు వేయడం మొదలైంది. శాస్త్రులుగారు నవ్వుతూ, "ఇంకేం నాయనా, తృప్తి పడ్డది మీ అమ్మ" అన్నారు. చుట్టాలు సంతోషంగా తిన్నారు. అతను కూడా తిన్నాడు, కానీ రెండు ముద్దలకోసారి కళ్లు కెమెరా వైపు పోతూనే ఉన్నాయి.

మరునాడు పొద్దున డార్కురూములో ప్లేటు కడిగాడు. ఎర్రదీపం ముందు పట్టుకుని చూడగానే సంగతి అర్థమైంది. రాయి మీద చెదిరిన పిండం ఉంది. అంచున పొగ అలికినట్టు ఒక చార, అది రెక్క కావచ్చు. కాకి లేదు. మిగిలిందంతా తనే. ప్లేటు ఆరాక, చూడబుద్ధి కాకపోయినా, కాగితం పెట్టి ఎండలో ఒక ప్రింటు వేశాడు. దాన్ని తెచ్చి అక్క ముందు బల్ల మీద పడేశాడు. ఆమె వెల్దుర్తి బయలుదేరడానికి మూట సర్దుకుంటోంది.

"చూసుకో. ఏడాది కష్టం. నేనొక్కణ్ణే పడ్డా."

అన్నపూర్ణ ప్రింటు తీసుకుని వెలుతురుకు పట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నువ్వెక్కడ పడ్డావురా? ఇది అమ్మ."

"నీకేమన్నా మతిపోయిందా అక్కా?"

"మతి నాకు కాదు, కళ్లు నీకు పోయినయ్. నీకు అన్నం పెట్టి, నువ్వు కడుపునిండా తిన్నావని తెలిశాక అమ్మ ఇట్టా గదరా చూసేది. ఇదిగో, ఈ కళ్లు సగం మూసుకోవడం, ఈ మూతి ఒక పక్కకు లాగడం. నువ్వెప్పుడు చూశావులే. తినంగానే చేతులు కడుక్కొని పరిగెత్తేవాడివి. నేను చూశా."

బసవపున్నయ్య ప్రింటు లాక్కున్నాడు. నలభై రెండేళ్లు ఆ మొహాన్ని గడ్డం గీసుకోవడానికే అద్దంలో చూశాడు. తన స్టూడియోలో వేలమంది మొహాలు పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు గానీ, ఈ మొహాన్ని ఎవరూ ఎప్పుడూ ఫోటో తీయలేదు. గడ్డమూ మీసమూ తనవే. వాటి వెనక నుంచి కోటమ్మ, పిల్లాడి కడుపు నిండిన సంతోషంతో, తిన్నగా అతని వంకే చూస్తోంది. అక్క ఎదుటే, ఇంతవాడు, వెక్కివెక్కి ఏడ్చాడు.

అన్నపూర్ణ ఆపమనలేదు. ఏడవనిచ్చి, మూట ముడి వేసుకుంటూ అంది.

"నాకొకటి కొట్టియ్యి. మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు."

"అక్కా, అది నా ఫోటోనే!"

"తెలుసులే. దండెయ్యను, బతికున్నోడివి. రోజూ ఒక్క పువ్వు పెట్టుకుంటా."

రైలుకు ఇంకా గంట ఉంది. అతను కళ్లు తుడుచుకుని, ఇంకో కాగితం తేవడానికి లోపలికి వెళ్లాడు.